షుగర్ మందే గుండెకు ఆసరా

బీపీ గోలీలు మోతాదు మించి ఒంట్లోకి పోయినప్పుడు మనిషిని నిలబెట్టే మందుల్లో చాలావరకు ఏ జిల్లా దవాఖానలోనైనా ఉండాల్సినవే. తాండూరు నుంచి హైదరాబాద్ దాకా 110 కిలోమీటర్లు. వైద్యం ఆ రోడ్డుకు అటు చివర మొదలవ్వాలా, ఇటు చివరా అన్నదే ప్రశ్న.

క్యాజువాలిటీలో పనిచేసే నర్సమ్మలకు పురుగుల మందు కేసు గడప దాటకముందే తెలిసిపోతుంది. వాసన చెబుతుంది, నోట్లో నురగ చెబుతుంది, సూదిమొనంత అయిపోయిన కంటిపాప చెబుతుంది. కంది, పత్తి పండే ఈ నేల మీద అట్రోపిన్ ఎక్కించడం అందరికీ చేయి తిరిగిన పనే. బీపీ గోలీల కేసు అట్లా రాదు. ఆటో దిగి తనంతట తానే నడిచి వస్తుంది. “ఏం గాలే, మంచిగనే ఉన్న” అంటుంది. పేరు చెబుతుంది, ఊరు చెబుతుంది, తాగడానికి నీళ్లడుగుతుంది. బీపీ చూస్తే పైది 80. పది నిమిషాలాగి చూస్తే 70. మిషనే చెడిపోయిందేమోనని పక్క వార్డు నుంచి ఇంకోటి తెస్తారు. మిషన్‌కు ఏమీ కాలేదు.

ఈ మోసం దగ్గరే చాలా ప్రాణాలు జారిపోతాయి. వేరే కారణాలతో బీపీ అంతగా పడితే మనిషి మగతలోకి పోతాడు, మాట తడబడుతుంది. ఆమ్లోడిపిన్ జాతి మందులు ఎక్కువైన వాళ్లలో మాత్రం చాలాసార్లు చివరిదాకా తెలివి చెక్కుచెదరదు. పైగా ఆమ్లోడిపిన్ నిదానంగా ఒంటబడుతుంది. మింగిన 6 నుంచి 12 గంటలకు గానీ రక్తంలో దాని మోతాదు శిఖరానికి చేరదు. అందులో సగం ఖర్చు కావడానికి మామూలుగానే 30 నుంచి 50 గంటలు పడుతుంది. రాత్రి తొమ్మిదింటికి ముచ్చటపెట్టిన మనిషి తెల్లవారుజామున కుప్పకూలడానికి కారణం అదే. “మాట్లాడుతుండు గదా, పొద్దున చూద్దాం” అన్న మాటకంటే ప్రమాదకరమైన మాట ఈ విషయంలో ఇంకోటి లేదు.

అసలు ఈ గోలీలు మన ఇళ్లలోకి ఇంతగా ఎట్లా వచ్చాయంటే, రావాల్సిందే కాబట్టి వచ్చాయి. 2017 నవంబరులో కేంద్ర ఆరోగ్య శాఖ, ఐసీఎంఆర్, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి మొదలుపెట్టిన రక్తపోటు నియంత్రణ కార్యక్రమంలో తొలి ఐదు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. ఆశా కార్యకర్త ఇంటికొచ్చి బీపీ చూడటం, నెలకు సరిపడా గోలీలు చేతిలో పెట్టడం ఇప్పుడు వికారాబాద్ జిల్లా పల్లెల్లో వింత కాదు. ఆమ్లోడిపిన్ చవక, రోజుకొక్కటి చాలు, రక్తపరీక్షలతో పెద్దగా పనిలేదు. పక్షవాతాలనూ గుండెపోట్లనూ ఆపిన మందు అది. ఈ కథనం చదివి ఎవరూ గోలీ మానేయొద్దు. మానేస్తే వచ్చే ముప్పు ఇక్కడ రాస్తున్న ముప్పుకంటే చాలా పెద్దది.

బీపీ మందు అన్నది ఒకటే మందు కాదు. మన దేశం లోకానికిచ్చిన బీపీ మందు సర్పగంధ. బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ 1949లో బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో దాని గురించి రాశాకే పాశ్చాత్య దేశాలు అటు చూశాయి. 1960ల్లో స్కాట్లాండ్‌కు చెందిన జేమ్స్ బ్లాక్ ప్రొప్రనొలాల్‌తో బీటా బ్లాకర్లకు దారి వేశాడు, 1988లో నోబెల్ అందుకున్నాడు. ఆ 1960ల్లోనే జర్మనీలోని ఫ్రైబుర్గ్‌లో ఆల్బ్రెక్ట్ ఫ్లెకెన్‌స్టైన్ కాల్షియం దారులను మూసే మందుల సంగతి తేల్చాడు. మోతాదు మించితే ఎక్కువగా ప్రాణం మీదికి తెచ్చేవి ఈ చివరి రెండు జాతులే. టెల్మిసార్టాన్ లాంటివి ఒంటరిగా ఉంటే అంత భయపెట్టవు. ఆమ్లోడిపిన్‌తో జత కడితే మాత్రం షాక్‌ను మొండిగా మారుస్తాయి. ఇప్పుడు చాలామంది వాడేది ఆ రెండూ కలిసిన గోలీనే.

గుండె కండరం ముడుచుకోవాలన్నా, రక్తనాళాల గోడలు బిగువుగా ఉండాలన్నా కణాల్లోకి కాల్షియం వెళ్లాలి. ఆమ్లోడిపిన్ ఆ దారిని నాళాల్లో కొంచెం మూస్తుంది. నాళాలు సడలుతాయి, బీపీ దిగుతుంది. మోతాదు మించితే నాళాలు పూర్తిగా వదులైపోతాయి. ఇంకా మించితే గుండె బలం కూడా తగ్గుతుంది. వెరాపమిల్, డిల్టియాజెమ్ అయితే మొదట గుండె మీదే పడతాయి, నాడి 40కి దిగుతుంది. అయితే కాల్షియంతో పని ఉన్న చోటు ఇంకొకటుంది, అది క్లోమం. ఇన్సులిన్ బయటికి రావాలన్నా అక్కడి కణాల్లోకి కాల్షియం వెళ్లాల్సిందే. ఆ దారి మూసుకుపోతే ఇన్సులిన్ రాదు. ఆరోగ్యంగా ఉన్న గుండె కొవ్వును కరిగించి శక్తి తెచ్చుకుంటుంది. షాక్‌లో చిక్కుకున్న గుండె చక్కెర కోసం చూస్తుంది. చక్కెరను లోపలికి తీసుకుపోయే ఇన్సులిన్ లేదు. రక్తంలో చక్కెర పోగుపడుతుంటే గుండె పస్తు ఉంటుంది.

అందుకే ఈ కేసుల్లో మొదటి సాక్ష్యం వేలి చివర తీసే ఒక్క నెత్తురు బొట్టు. షుగర్ జబ్బు లేని మనిషికి గ్లూకోమీటర్ 250, 300 చూపిస్తే, బీపీ ఇంకా పడకపోయినా సరే, ముందు గండం ఉందని అర్థం. అదే బీటా బ్లాకర్ అయితే చక్కెర మామూలుగానో, తక్కువగానో ఉంటుంది. ఏ గోలీ మింగారో తెలియని రాత్రి, ఇంట్లోవాళ్లు ఏడుపులో ఏమీ చెప్పలేని రాత్రి, వందల రూపాయల్లో దొరికే ఆ చిన్న మిషన్ డాక్టరుకు దారి చూపిస్తుంది. దానికి తోడు ఈసీజీ. ఈ రెండింటికీ స్పెషలిస్టు అక్కర్లేదు.

ఇక వైద్యం. అనంతగిరి ఘాట్‌కు అవతల, తాండూరు వైపు, రాత్రి రెండు గంటలకు యాభై కిలోల మనిషి వచ్చాడనుకుందాం. తెలివి బాగా ఉండి, మింగి ఎక్కువసేపు కాకపోతే బొగ్గుపొడి మందు తాగిస్తారు. మగతలో ఉంటే అది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది కాబట్టి తాగించరు. రెండు చేతులకూ సెలైన్ దారులు పెడతారు. ఇక్కడే మొదటి తప్పు జరిగే వీలుంది. బీపీ తక్కువగా ఉందని సీసా మీద సీసా సెలైన్ ఎక్కించేస్తే, బలం తగ్గిన గుండె ఆ నీటిని తోడలేక ఊపిరితిత్తులు నిండుతాయి. తెల్లారేసరికి బీపీ లేవకపోగా ఆయాసం తోడవుతుంది. కొంత సెలైన్ కావాలి, అంతకుమించి అది మందు కాదు.

తర్వాతది కాల్షియం. కాల్షియం గ్లూకోనేట్ పది మిల్లీలీటర్ల ఆంపూళ్లు మూడు, గుండె తీరు చూసుకుంటూ నిదానంగా ఎక్కిస్తారు. అవసరమైతే మళ్లీ ఇస్తారు. మూసుకున్న దారుల ముందు కాల్షియం గుంపు పెంచితే కొంతైనా లోపలికి దూరుతుందన్నది లెక్క. కాల్షియం క్లోరైడ్‌లో దానికి మూడింతల కాల్షియం ఉంటుంది. కానీ చేతి నరం నుంచి కారితే చర్మాన్ని కాల్చేస్తుంది, అందుకే చిన్న దవాఖానలో గ్లూకోనేటే మేలు. నాడి బాగా నెమ్మదిస్తే అట్రోపిన్ ఇస్తారు. అయితే పురుగుల మందు కేసులో పనిచేసినంతగా ఇక్కడ పనిచేస్తుందని ఆశ పెట్టుకోకూడదు. నాళాలను బిగించడానికి నార్‌అడ్రినలిన్ మొదలుపెడతారు. మెడ దగ్గరి పెద్ద నరంలో గొట్టం వేసేదాకా ఆగనక్కర్లేదు. చేతి మీద మంచి నరం దొరికితే అక్కడే మొదలుపెట్టి, కళ్లు తీయకుండా కనిపెట్టుకోవచ్చు.

అసలు సంగతి తర్వాతిది. ఇన్సులిన్.

షుగర్ జబ్బువాళ్లు పూటకు పది, ఇరవై యూనిట్లు వేసుకుంటారు. ఈ వైద్యంలో ఒంటి బరువు కిలోకు ఒక యూనిట్ చొప్పున ఒక్కసారిగా నరంలోకి ఇస్తారు. మన మనిషికి యాభై యూనిట్లు. ఆ తర్వాత గంటకు మళ్లీ కిలోకు ఒక యూనిట్ చొప్పున ధార పెడతారు. బీపీ లేవకపోతే పెంచుకుంటూ కిలోకు పది దాకా పోతారు, అంటే గంటకు 500 యూనిట్లు. మన దగ్గర మామూలుగా దొరికే రెగ్యులర్ ఇన్సులిన్ సీసాలో మిల్లీలీటరుకు 40 చొప్పున మొత్తం 400 యూనిట్లుంటాయి. మొదటి మెట్టులో ఒక సీసా ఎనిమిది గంటలొస్తుంది. పై మెట్టుకు పోతే గంటకు సీసా కూడా చాలదు. బీపీ 70 ఉన్న మనిషికి యాభై యూనిట్లు సిరంజిలోకి లాగమంటే “సార్, ఐదా, యాభయ్యా?” అని నర్సమ్మ రెండుసార్లు అడుగుతుంది. అడగాలి కూడా. ఆ మాట డ్యూటీ డాక్టరు నోటితో చెప్పి ఊరుకోకుండా కేసు షీట్లో అక్షరాల్లో రాయాలి.

ఈ ఆలోచన వెనక కుక్కల మీద చేసిన ప్రయోగముంది. అమెరికాలోని షార్లట్ నగరంలో అత్యవసర వైద్యుడు జెఫ్రీ క్లైన్ బృందం 1993లో వెరాపమిల్‌తో షాక్‌లోకి పంపిన కుక్కలకు వేర్వేరు మందులిచ్చి చూసింది. ఇన్సులిన్ ఇచ్చినవన్నీ బతికాయి. ఏమీ ఇవ్వనివన్నీ చనిపోయాయి. అడ్రినలిన్, గ్లూకగాన్ ఇచ్చిన వాటి ఫలితం మధ్యస్థం. 1999లో ఐదుగురు మనుషుల్లో ఇదే వైద్యం ఫలించిందన్న నివేదిక వచ్చింది. 2017లో అంతర్జాతీయ నిపుణుల బృందం కాల్షియం, ఇన్సులిన్, నార్‌అడ్రినలిన్‌లను తొలి వరుసలో నిలబెట్టింది. 2023లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ బీటా బ్లాకర్ కేసులకూ ఇన్సులిన్‌ను గట్టిగా సిఫారసు చేసింది. వంద మందిని ఇటు, వంద మందిని అటు పెట్టి పోల్చిన పరీక్షలు దీనికి లేవు, నైతికంగా చేయడమూ కష్టం. ఉన్న ఆధారం ఒకే దిక్కు చూపిస్తోంది.

ఇన్సులిన్ ఇంజెక్షన్ వేయగానే బీపీ లేవదు. పావుగంట నుంచి గంట దాకా పడుతుంది. ఆ గంట నార్‌అడ్రినలిన్ మోయాలి. “బీపీ ఇంకా పడ్డాక ఇన్సులిన్ చూద్దాం” అనుకునేవాళ్లు ఓడిపోయేది ఈ లెక్క దగ్గరే. ఇన్సులిన్ చివరి అస్త్రం కాదు, అనుమానం బలపడిన గంటలోనే తీయాల్సిన అస్త్రం.

ఇంత ఇన్సులిన్‌కు కాపలా గట్టిగా ఉండాలి. 25 శాతం డెక్స్ట్రోజ్ సీసాలు పక్కన వరసగా పెట్టుకోవాలి. మొదట్లో పావుగంటకో, అరగంటకో ఒకసారి వేలి షుగర్ చూడాలి. మోతాదు కుదిరాక గంటకోసారి. ఇన్సులిన్ చక్కెరతో పాటు పొటాషియాన్ని కూడా కణాల్లోకి లాగేస్తుంది, దాన్నీ చూస్తుండాలి. ఇన్సులిన్ ఆపేసిన తర్వాత కూడా ఒక రోజు దాకా షుగర్ పడిపోతుంటుంది, డెక్స్ట్రోజ్‌ను వెంటనే తీసేయకూడదు. ఒకే మంచం దగ్గర ఒకే నర్సు రాత్రంతా నిలబడాల్సిన వైద్యమిది. మందులు చవకే, కరువైంది ఆ మనిషే. సర్కారు దవాఖానల గురించి రాసేటప్పుడు మనం బిల్డింగుల గురించి రాసినంతగా రాత్రి డ్యూటీ నర్సుల లెక్క గురించి రాయం. రాయాలి.

ఇదంతా ఇంట్లో ఎవరూ చేయకూడని పని అని వేరే చెప్పాలా? చెబుతున్నాను. కాపలా లేని ఇన్సులిన్ మెదడును దెబ్బతీస్తుంది.

ఇప్పుడు రోడ్డు సంగతి. తాండూరు నుంచి అనంతగిరి ఘాట్ ఎక్కి దిగి వికారాబాద్, మన్నెగూడ, మర్రిచెట్ల చేవెళ్ల, మొయినాబాద్ మీదుగా ఉస్మానియాకో నిమ్స్‌కో చేరేసరికి రెండున్నర, మూడు గంటలు. బండల లారీలు, సిమెంటు లారీలు అడ్డంపడితే ఇంకా ఎక్కువ. “హైదరాబాద్ తీస్కపోండి” అని చీటీ రాసి పంపేస్తే, అంబులెన్సులో ఒక సెలైన్ సీసా, ఒక ఆక్సిజన్ గొట్టంతో ఆ మూడు గంటలు గడుస్తాయి. వైద్యం మొదలవ్వాల్సిన మూడు గంటలవి. రిఫర్ చేయడం తప్పు కాదు, ఐసీయూ ఉన్న చోటికి చేర్చాల్సిందే. ఉత్త చేతులతో పంపడమే తప్పు. కాల్షియం ఎక్కించి, నార్‌అడ్రినలిన్, ఇన్సులిన్ పంపుల మీద పెట్టి, చివరి షుగర్ ఎంతో చీటీలో రాసి, అటువైపు డాక్టరుతో ఫోన్లో మాట్లాడి పంపితే అదే అంబులెన్సు కదిలే ఐసీయూ అవుతుంది. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో 108 మొదలైనప్పుడు చేరవేయడమే పెద్ద విజయం. ఇరవై ఏళ్లు దాటాక అంతకంటే ఎక్కువ అడగొచ్చు. వికారాబాద్‌కు 2023 సెప్టెంబరు నుంచి సర్కారు మెడికల్ కాలేజీ ఉంది. ఈ కేసులు అక్కడే ఒడ్డున పడే రోజు దూరం కాకూడదు.

సందేహమొస్తే డాక్టరు అడగడానికీ చోటుంది. ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ విషసమాచార కేంద్రం 1995 నుంచి పనిచేస్తోంది. నంబరు 1800 116 117, రాత్రీ పగలూ ఎత్తుతారు.

పోలీసు కేసు భయంతో ముందు స్టేషన్‌కు పొమ్మనే చోట్లు ఇంకా ఉన్నాయి. 1989లోనే పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. ముందు ప్రాణం, కాగితాలు తర్వాత. సర్కారు డాక్టరైనా, ప్రైవేటు డాక్టరైనా.

పెద్ద ఐసీయూల్లో ఇంకొన్ని ఆయుధాలున్నాయి. నాళాలు ఎంతకీ బిగియకపోతే మిథిలీన్ బ్లూ వాడతారు. కొన్నిసార్లు కొవ్వు ద్రావణం ఎక్కిస్తారు. బీటా బ్లాకర్లకు గ్లూకగాన్ మంచిదే గానీ ధర ఎక్కువ, కావాల్సినంత దొరకదు. చివరికి గుండె, ఊపిరితిత్తుల పని తాను చేసే ఎక్మో ఉంది. డయాలసిస్ చేస్తే మందు బయటికొస్తుందని చాలామంది అడుగుతారు. ఆమ్లోడిపిన్ రాదు, అది ప్రొటీన్లకు అతుక్కుని ఒళ్లంతా పరచుకుంటుంది. అటెనొలాల్ మాత్రం వస్తుంది.

మోతాదు మించడం అనగానే కావాలని మింగడమొక్కటే కారణమని అందరూ అనుకుంటారు. అది నిజం కాదు. స్టామ్లో, ఆమ్లాంగ్, ఆమ్లోకైండ్ మూడు పేర్లు, లోపలున్న మందు ఒక్కటే. సర్కారు దవాఖాన ఇచ్చిన గోలీ ఒకటి, పట్నంలో కొడుకు చూపించిన డాక్టరు రాసిన గోలీ ఇంకొకటి, రెండూ రోజూ వేసుకునే పెద్దమనుషులున్నారు. ఇంట్లో పాకే పిల్లలుంటే మరీ జాగ్రత్త. రంగు గోలీ దొరికితే నోట్లోకే పోతుంది, రెండేళ్ల బిడ్డకు ఈ జాతి మందుల్లో ఒక్క గోలీ కూడా దవాఖానకు పరుగెత్తాల్సిన విషయమే.

తాండూరు నాపరాళ్ల గనుల్లో, పాలిషింగ్ యూనిట్లలో మే నెల ఎండకు పనిచేసే మనిషి సంగతి ఇంకోరకం. అటెనొలాల్, టెల్మిసార్టాన్ వాడుతున్నాడు. రెండు రోజులు విరేచనాలు పట్టుకున్నాయి, నీళ్లు తాగలేదు. కిడ్నీలు ఎండాయి. కిడ్నీల ద్వారానే పోవాల్సిన అటెనొలాల్ పోకుండా పేరుకుంది. పొటాషియం పెరిగింది. ఆ రెండూ కలిసి నాడిని 35కి దించాయి, బీపీ పడింది, కిడ్నీలకు రక్తం ఇంకా తగ్గింది. అతను మింగింది రోజూ మింగే మోతాదే. అమెరికన్ డాక్టర్ జాష్ ఫార్కస్ 2016లో దీనికి ‘బ్రాష్’ అని పేరు పెట్టాడు. వైద్యానికి కావాల్సినవి మళ్లీ అవే, మోతాదులు వేరు: కాల్షియం, గ్లూకోజుతో ఇన్సులిన్, అడ్రినలిన్, తగినంత సెలైన్. విరేచనాలు, వాంతులు పట్టుకున్న రోజున బీపీ గోలీ వేసుకోవాలా వద్దా అని ఫోన్ చేసి అడగడం ప్రతి ఇంటికీ అలవాటు కావాలి.

అనంతగిరి కొండ మీది టీబీ దవాఖాన నిజాం కాలం నాటిది. ఒకప్పుడు ఈ గాలి కోసమే రోగులను ఇక్కడికి పంపేవాళ్లు. టీబీకీ బీపీకీ ఉన్న చుట్టరికం చాలామందికి తెలియదు. టీబీకి వాడే రిఫాంపిసిన్ కాలేయాన్ని ఉసిగొలిపి ఆమ్లోడిపిన్‌ను తొందరగా విరిచేస్తుంది. బీపీ అదుపులోకి రాకపోవడంతో గోలీల మోతాదు పెంచుతారు. ఆరు నెలలకు టీబీ మందులు ఆగుతాయి. రెండు వారాల్లో కాలేయం మామూలవుతుంది. పెంచిన మోతాదు మాత్రం అట్లాగే ఉండిపోతుంది. లేవగానే కళ్లు తిరుగుతున్నాయంటే ‘నీరసం’ అంటారు. టీబీ కోర్సు ముగిసిన చీటీ మీదే ‘బీపీ మోతాదు మళ్లీ చూడాలి’ అని ఒక్క లైను రాస్తే చాలు.

కావాలని మింగినవాళ్ల గురించి కూడా సూటిగా మాట్లాడుకోవాలి. చాలామంది మింగిన కాసేపటికే భయపడి ఎవరికో ఒకరికి చెబుతారు, బతకాలనుకుంటారు. ఆ చెప్పిన క్షణాన్ని తిట్లతో పాడుచేయొద్దు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ అట్లాంటి మనిషిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నవాడిగా చూడమంటుంది, శిక్షించొద్దంటుంది, ఆదుకోవాల్సింది ప్రభుత్వమే అంటుంది. 2024 జులై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత 309 సెక్షన్ కూడా లేదు. షాక్ నుంచి లేచిన మనిషిని మానసిక వైద్యుడికి చూపించకుండా డిశ్చార్జి చేస్తే సగం వైద్యమే చేసినట్టు.

ఇంట్లోవాళ్లకు చివరిగా. ఎవరైనా బీపీ గోలీలు ఎక్కువ వేసుకున్నారని తెలిస్తే ఉప్పునీళ్లు, సబ్బునీళ్లు తాగించి కక్కించొద్దు. బీపీ లేస్తుందని ఆవకాయ పెట్టొద్దు. పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. ఇంట్లో ఉన్న గోలీల పట్టీలన్నీ, ఖాళీవి సైతం, సంచిలో వేసి వెంట తీసుకుపోండి. ఎన్ని గంటలకు మింగారో డాక్టరుకు చెప్పండి. ‘బాగానే ఉన్నాడు’ అని ఎవరు చెప్పినా రాత్రి ఇంటికి తెచ్చుకోవద్దు. మనసు బాగాలేని వాళ్లకు, వాళ్ల పక్కన ఉండేవాళ్లకు టెలిమానస్ నంబరు 14416. ఇరవై నాలుగు గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు.